నెట్ రాలేదంటే చాలదు, ఎక్కడ ఆగిందో తేల్చాలి

పొలానికి నీళ్లు రాకపోతే మీరేం చేస్తారు? కృష్ణలో నీళ్లు లేవేమో అనుకుని ఇంటికొచ్చి పడుకోరు గదా. గట్టు వెంట ఎగువకు నడుస్తారు. ముందు మీ మడి తూము చూస్తారు, చెత్త అడ్డుపడితే తీస్తారు. తర్వాత బోదె చూస్తారు, పై రైతు అడ్డకట్ట వేశాడేమోనని. ఆపైన పంట కాలువలో గుర్రపుడెక్క, తూటికాడ పేరుకుపోయిందేమో చూస్తారు. లాకుల దగ్గర షట్టరు దించారేమో లస్కరును అడుగుతారు. ఇన్నిచోట్ల చూశాక గానీ ఏఈ గారి దగ్గరకు వెళ్లరు. వెళ్లినా "నీళ్లు రావట్లేదండీ" అని ఊరుకోరు. ఫలానా తూము దిగువన రావట్లేదని చెబుతారు. అలా చెబితేనే పని జరుగుతుందని మనకు తెలుసు.

అదే రైతు ఇంటర్నెట్ విషయానికొచ్చేసరికి ఒక్క మాటతో వెనక్కి వచ్చేస్తున్నాడు. "నెట్ లేదంట, రేపు రమ్మన్నారు." రేపు వెళితే మళ్లీ అదే మాట. నాగాయలంక, కోడూరు వైపు శివారు గ్రామాల నుంచి అవనిగడ్డ దాకా ఆటోలో వచ్చి, పని కాక తిరిగి వెళితే ఒక రోజు కూలి పోయినట్టే. ఎకరమో, రెండెకరాలో ఉన్నవాళ్లు ఆ కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరుగుతారు?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నెట్ రాకపోవడం అనేది ఒక జబ్బు కాదు. నాలుగైదు వేర్వేరు జబ్బులకు మనం పెట్టుకున్న ఒకే పేరు అది. అందులో సగం మన చేతిలో ఉన్నవే. పైసా ఖర్చు లేకుండా పదిహేను నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. మిగతా సగం మన చేతిలో లేవు. వాటి భారం మాత్రం రైతు నెత్తిన పడకూడదు. ఏది మనదో, ఏది వాళ్లదో తేల్చుకోవాలంటే ఎక్కడ ఆగిందో కనిపెట్టడం రావాలి.

ఇది చదువుకున్నవాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఈ-పంటలో నమోదు లేకపోతే కొనుగోలు కేంద్రంలో ధాన్యం అమ్ముకోవడం దగ్గర్నుంచి పంట నష్టం జాబితాలో పేరు దాకా అన్నీ చిక్కే. పీఎం కిసాన్ సొమ్ము పడాలంటే ఈ-కేవైసీ ఉండాలి. అడంగల్, 1బి కావాలన్నా, కౌలు రైతుకు సాగు హక్కు కార్డు ఆధారంగా పంట రుణం కావాలన్నా ఎక్కడో ఒకచోట ఒక కంప్యూటరు ముందు నిలబడాల్సిందే. ఆ కంప్యూటరుకు చాలా ఊళ్లలో తీగ ద్వారా వచ్చే నెట్ సరిగా లేదు. ఉన్నచోట కూడా కరెంటు పోతే అదీ పోతుంది. అందుకే సొసైటీ గుమాస్తా గానీ, నెట్ సెంటరు కుర్రాడు గానీ, మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లవాడు గానీ తన సెల్‌ఫోను నెట్‌నే కంప్యూటరుకు కలిపి పని నడుపుతున్నాడు. ఆ ఫోను నెట్ వస్తూ పోతూ ఉంటుంది. మన దరఖాస్తు మధ్యలో ఆగుతుంది.

మూడు మజిలీలు

ఫోను నెట్‌తో కంప్యూటరు నడిచేటప్పుడు దారిలో మూడు మజిలీలు ఉన్నాయి. టవరు నుంచి ఫోనుకు మొదటిది. ఫోను నుంచి కంప్యూటరుకు రెండోది. కంప్యూటరు తెరవాలనుకుంటున్న ఆఫీసు సర్వరు మూడోది. ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి పరీక్ష చాలా తేలిక.

కంప్యూటరు వదిలేసి ముందు ఫోనులోనే ఏదైనా ఒక వార్తా పత్రిక సైటు తెరవండి. వైఫై ఆపి చూడాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఫోనులోనే తెరుచుకోకపోతే తప్పు మొదటి మజిలీలో ఉంది, కంప్యూటరును తిట్టి లాభం లేదు. ఫోనులో తెరుచుకుని కంప్యూటరులో రాకపోతే రెండో మజిలీ. కంప్యూటరులో వార్తల సైటు వస్తూ, ప్రభుత్వ పోర్టల్ ఒక్కటే రాకపోతే ఇక మీ ఫోనుకూ టవరుకూ ఏ పాపం తెలియదు. అది మూడోది. ఒక్కోసారి కంప్యూటరు అడుగున వైఫై గుర్తు ఉండి పక్కనే 'నో ఇంటర్నెట్' అని చూపిస్తుంది. ఫోనుకూ కంప్యూటరుకూ బంధం బాగానే ఉంది, ఫోను దగ్గరే సరుకు లేదు అని దాని అర్థం.

ఈ పరీక్ష చేయకుండా కొత్త ఫోను కొన్నవాళ్లున్నారు. అవసరం లేకుండా పెద్ద ప్యాకు రీచార్జి చేయించినవాళ్లు అంతకంటే ఎక్కువ మంది.

తెలియకుండా అయిపోయే డేటా

మొదటి మజిలీలో ఎక్కువగా కనిపించే రోగం సిగ్నల్ కాదు, రోజువారీ డేటా అయిపోవడం. రోజుకు ఒకటిన్నర జీబీయో, రెండు జీబీయో వచ్చే ప్యాకుల్లో ఆ కోటా దాటగానే నెట్ పూర్తిగా ఆగదు. వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆగిపోతే తెలిసిపోయేది. ఆగకుండా నత్తలా నడుస్తుంది కాబట్టే మనం టవరును తిడతాం. ఆ వేగంతో ఒక ఎంబీ బరువున్న పాస్‌బుక్ ఫొటో పంపాలంటే రెండు నిమిషాలు పైనే పడుతుంది. ఈలోగా పోర్టల్ సమయం అయిపోయిందంటూ మిమ్మల్ని బయటకు గెంటేస్తుంది.

మరి రెండు జీబీ ఎవరు తాగేశారు? సాధారణంగా కంప్యూటరే. ఫోను హాట్‌స్పాట్‌కు తగిలించగానే కంప్యూటరు "ఇది ఇంటి వైఫై, ఎంతైనా వాడుకోవచ్చు" అనుకుంటుంది. విండోస్ అప్‌డేట్లు, యాంటీవైరస్ అప్‌డేట్లు, ఫొటోలను ఎక్కడో దాచిపెట్టే వన్‌డ్రైవ్ లాంటివి వెనకాల చడీచప్పుడు లేకుండా నడుస్తుంటాయి. ఒక పెద్ద అప్‌డేట్ వస్తే మీ రోజు కోటా మొత్తం దానికే చాలదు. మీరు ఒక్క ఫారం కూడా నింపకముందే డేటా ఖాళీ. మోటారు వేసి పోయినవాడు తిరిగొచ్చేసరికి నీళ్లన్నీ పక్క చేలోకి పోయినట్టే ఇది.

దీనికి మందుంది. విండోస్ 10, 11 కంప్యూటర్లలో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, మీ ఫోను పేరున్న వైఫై ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' అనే మీట ఆన్ చేయాలి. "ఇది కొలిచి ఇచ్చే నీరు, చూసి వాడు" అని కంప్యూటరుకు చెప్పడమన్నమాట. అప్పట్నుంచి పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. తీగతో ఫోను కలిపినవాళ్లు అదే చోట ఈథర్‌నెట్ అన్న దగ్గర ఈ మీట వెయ్యాలి. ఒక్కసారి చేస్తే ఆ ఫోనుకు అది గుర్తుంటుంది. నా లెక్కలో ఈ వ్యాసం మొత్తంలో మీకు ఎక్కువ డబ్బు మిగిల్చేది ఈ ఒక్క మీటే. అప్‌డేట్లు అసలు వద్దని కాదు, భద్రతకు అవి అవసరం. పని లేని రోజున, పడుకునేముందు కోటా మిగిలి ఉంటే అప్పుడు చేయించుకోండి.

గీతలు నిండుగా ఉన్నా...

"నాలుగు గీతలూ ఉన్నాయండీ, అయినా నెట్ రాదు." ఈ మాట ప్రతి ఊళ్లో వింటాం. గీతలు చెప్పేది టవరు మాట మీ ఫోనుకు ఎంత గట్టిగా వినబడుతున్నదీ అని మాత్రమే. ఆ టవరు మీద అదే సమయంలో ఎంతమంది వేలాడుతున్నారో గీతలు చెప్పవు. కాలువ నిండా నీళ్లున్నా తూములన్నీ ఒకేసారి తెరిస్తే శివారుకు ఏం చేరుతుంది? రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా ఊరంతా ఫోన్లలో సినిమాలూ క్రికెట్టూ చూస్తున్న వేళ దరఖాస్తు పెట్టకండి. తెల్లవారుజామున ఐదు, ఆరింటికి ప్రయత్నించండి. వంతుల వారీగా నీళ్లు పెట్టుకునే రైతుకు రాత్రిళ్లు లేవడం కొత్త కాదు గదా.

సిగ్నల్ నిజంగా తక్కువున్న చోట ఫోను చేసే మరో పని ఉంది. 5జీ కాసేపు, 4జీ కాసేపు పట్టుకుంటూ ఊగిసలాడుతుంది. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది గానీ పల్లెల్లో దాని అంచులు ఇంకా పలుచగానే ఉన్నాయి. మారిన ప్రతిసారీ కంప్యూటరులో పని తెగుతుంది. ఫోను సెట్టింగ్స్‌లో సిమ్ దగ్గర 'ప్రిఫర్డ్ నెట్‌వర్క్' అని ఉంటుంది. అక్కడ 5జీ తీసి 4జీ పెట్టి చూడండి. వేగం కాస్త తగ్గినా నిలకడ వస్తుంది. ఫారం నింపడానికి నిలకడే ముఖ్యం.

ఏమీ తోచకపోతే ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి, పది అంకెలు లెక్కపెట్టి, ఆఫ్ చేయండి. ఫోను టవరును కొత్తగా వెతుక్కుంటుంది. చిన్న చిట్కాయే కానీ చాలాసార్లు పని చేస్తుంది. కొత్త సిమ్ వేశాకో, కంపెనీ మారాకో కాల్స్ వస్తూ నెట్ మాత్రం రాకపోతే ఏపీఎన్ అనే అమరికను 'రీసెట్' చేయాలి. రెండు సిమ్‌లున్న ఫోనులో నెట్ ఏ సిమ్ మీద ఉందో కూడా చూసుకోవాలి.

ఫోను ఎక్కడ పెడుతున్నారన్నది ఇంకో సంగతి. రేకుల షెడ్డు లోపల, ఇనుప బీరువా పక్కన, శ్లాబు ఇంట్లో లోపలి గదిలో ఫోను పెట్టి నెట్ రాలేదంటే ఎలా? ఇనుము సిగ్నల్‌ను ఆపేస్తుంది. కంప్యూటరును కదపలేం గానీ ఫోనును కదపగలం. టవరు ఉన్న వైపు కిటికీలో పెట్టి, హాట్‌స్పాట్ ద్వారా లోపల కంప్యూటరుకు అందించండి. ఎండ తగలకుండా మాత్రం చూడండి. వేడెక్కిన ఫోను తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, హాట్‌స్పాట్ ఆపేస్తుంది కూడా.

సిగ్నల్ బూస్టర్లంటూ కొందరు అమ్ముతున్నారు. వాటి జోలికి పోకండి. అనుమతి లేకుండా వాటిని పెట్టడం చట్టవిరుద్ధం. పైగా మీ ఇంట్లో బూస్టరు వేస్తే చుట్టుపక్కల వాళ్ల సిగ్నల్ చెడుతుంది. ఆ డబ్బులో చిన్న వంతుతో వేరే కంపెనీ సిమ్ ఒకటి తీసుకుని రెండో స్లాటులో పెట్టుకోవడం మేలు. ఒక టవరు పడుకుంటే ఇంకోటి ఆదుకుంటుంది.

ఫోను నుంచి కంప్యూటరు దాకా

రెండో మజిలీలో తప్పులన్నీ చిన్నవే. అయినా చాలామందిని ఇవే ఎక్కువ ఏడిపిస్తాయి.

తీగతో కలిపేవాళ్లు ముందు తీగను అనుమానించండి. బజారులో చవగ్గా దొరికే కొన్ని కేబుళ్లలో చార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోను చార్జి ఎక్కుతుంటుంది కాబట్టి కేబుల్ బాగుందనుకుంటాం. కంప్యూటరుకు మాత్రం ఆ ఫోను కనబడదు. ఫోనుతో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్ వేసి చూడండి. కేబుల్ కలిపిన తర్వాత ఫోను సెట్టింగ్స్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయాలి. తీగ తగిలించినంత మాత్రాన నెట్ పారదు. కేబుల్ ఐదు మీటర్లు మించకూడదు. ఈ పద్ధతిలో ఒక లాభముంది. ఫోను చార్జి అవుతూనే ఉంటుంది, వైఫై కంటే నిలకడగా కూడా ఉంటుంది. కరెంటు కోతల కాలంలో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు నేను సిఫారసు చేసేది ఇదే.

వైఫై హాట్‌స్పాట్ వాడేవాళ్లు మూడు నాలుగు విషయాలు చూసుకోవాలి. బ్యాటరీ తగ్గగానే ఫోను పొదుపు మోడ్‌లోకి వెళ్లి హాట్‌స్పాట్ ఆపవచ్చు. 'డేటా సేవర్' ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్ అసలు మొదలవదు. కాసేపు ఏ కంప్యూటరూ తగలకపోతే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది, దాన్ని తీసేయవచ్చు. పాత కంప్యూటరుకు మీ హాట్‌స్పాట్ పేరే కనబడకపోతే ఫోనులో బ్యాండు 5 గిగాహెర్ట్జ్ అని ఉందేమో చూసి 2.4కు మార్చండి. పాత యంత్రాలు 5ను గుర్తించలేవు. గోడల గుండా వెళ్లడానికి కూడా 2.4 మంచిది. హాట్‌స్పాట్‌కు పాస్‌వర్డు తప్పకుండా పెట్టండి. లేకపోతే బయట అరుగు మీద కూర్చున్న కుర్రాళ్లు మీ డేటాతో ఆటలాడుకుంటారు.

ఇంకో విచిత్రం. దరఖాస్తు సగంలో ఉండగా ఫోను మోగుతుంది, నెట్ తెగుతుంది. నెట్ ఒక సిమ్ మీద ఉండి కాల్ రెండో సిమ్‌కు వస్తే, మాట్లాడినంతసేపూ చాలా ఫోన్లలో నెట్ ఆగిపోతుంది. పని చేసేటప్పుడు ఆ రెండో సిమ్‌ను తాత్కాలికంగా ఆపుకోండి. అయితే ఆధార్‌కు ఇచ్చిన నంబరు ఆ సిమ్‌దే అయితే ఆపకూడదు. ఓటీపీ రావాల్సింది దానికే.

తేదీ తప్పిన కంప్యూటరు

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఈ ఒక్క లోపం వల్ల మంచి కంప్యూటర్లను పాడైపోయాయని మూలన పడేసిన ఆఫీసులున్నాయి.

సొసైటీల్లో, నెట్ సెంటర్లలో పాత డెస్క్‌టాప్‌లు ఉంటాయి. వాటి లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా తేదీ, టైము గుర్తుంచుకోవడం దాని పని. ఏళ్లు గడిచాక అది చచ్చిపోతుంది. అప్పుడు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటరు తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. బ్యాంకుల సైట్లకు, ప్రభుత్వ పోర్టళ్లకు భద్రత కోసం ఒక ధ్రువపత్రం ఉంటుంది, దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. మీ కంప్యూటరు తేదీ ఆ గడువు బయట ఉంటే "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని ఎర్ర గుర్తు చూపించి తలుపు మూసేస్తుంది. చూసేవాళ్లు మాత్రం నెట్ లేదంటారు, సర్వర్ డౌన్ అంటారు.

కంప్యూటరులో కుడివైపు అడుగున ఉన్న తేదీని ఒక్కసారి చూడండి. తప్పుంటే సరిచేయండి, అంతే. సైట్లు తెరుచుకుంటాయి. మళ్లీ మళ్లీ తప్పుతుంటే ఆ బిళ్ల బ్యాటరీ మార్చాలి. సీఆర్ 2032 అని అడిగితే వాచీల కొట్లో కూడా ఇస్తారు, ఒక పూట టిఫిను ఖర్చు కంటే ఎక్కువ కాదు. మరీ పాతవి, విండోస్ 7 నడిచే యంత్రాలకు ఇంకో ఇబ్బంది ఉంది. వాటికి క్రోమ్ బ్రౌజరు కొత్త రూపాలు రావడం 2023లో ఆగిపోయింది. కొన్ని పోర్టళ్లు అందులో తెరుచుకోవు. అక్కడ మాత్రం యంత్రం మార్చక తప్పదు.

సర్వరు నిజంగా పడిపోతే

ఇక మూడో మజిలీ. అందరూ ఆఖరి రోజునే వస్తే ఏ సర్వరైనా చతికిలబడుతుంది. ఆఖరి తేదీకి వారం ముందే పని ముగించుకోవాలన్నది పాత మాటే. కానీ చేతికి డబ్బు రాక, కాగితం దొరక్క ఆఖరి రోజుకు నెట్టబడేది ఎప్పుడూ చిన్న రైతే, కౌలు రైతే. కాబట్టి అలాంటి రోజున జాగ్రత్తలు తెలిసుండాలి.

వివరాలన్నీ, అంటే సర్వే నంబరు, ఖాతా నంబరు, విస్తీర్ణం, బ్యాంకు ఖాతా ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఫొటోలను చిన్న సైజుకు తగ్గించి ఉంచమనండి. రసీదు నంబరు తెర మీద కనబడగానే ఫొటో తీసుకోండి, ప్రింటు కోసం ఆగకండి, ఆ క్షణంలోనే నెట్ పోవచ్చు. డబ్బు కట్టేటప్పుడు మధ్యలో తెగితే వెంటనే రెండోసారి కట్టకండి. ఖాతాలో డబ్బు పోయిందో లేదో ముందు చూసుకోండి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం యూపీఐలో డబ్బు పోయి అవతలివాళ్లకు చేరకపోతే, మనిషికి పంపినదైతే మరుసటి రోజుకల్లా, దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల్లోగా తిరిగి ఖాతాలో పడాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారమివ్వాలి. అడిగేవాళ్లు తక్కువ.

నెట్ లేకుండా జరిగే పనులకు నెట్ కోసం కూర్చోవడమూ అనవసరమే. ఫసల్ బీమా చేసుకున్న రైతు కోసి పనల మీద ఉంచిన పంట తుపానుకు తడిస్తే 72 గంటల్లోగా తెలియజేయాలి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు చూశాం గదా, కరెంటు పోయి, టవర్ల బ్యాటరీలు అయిపోయి ఫోన్లు మూగబోతే ఎలా ఉంటుందో. సిగ్నల్ రాగానే పోర్టల్ కోసం చూడకుండా 14447కు మామూలు ఫోను చేసి చెప్పవచ్చు. మాటకు చాలినంత సిగ్నల్ ఉంటే చాలు. అలాగే 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ (95523 00009) పెద్ద పోర్టల్ కంటే తక్కువ నెట్‌తో నడుస్తుంది. అందులో దొరికే సేవలకు కంప్యూటరు దాకా పోనక్కర్లేదు.

కంపెనీని అడగడం

మొదటి మజిలీలోనే తప్పుందని తేలి, రోజుల తరబడి ఊరంతా అలాగే ఉంటే 198కి ఫోను చేసి ఫిర్యాదు రాయించండి. ఫిర్యాదు నంబరు ఎస్సెమ్మెస్‌లో వస్తుంది, దాచుకోండి. పరిష్కారం కాకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పీలు అధికారికి వెళ్లవచ్చు. "నెట్ రావట్లేదు" అని కాకుండా "ఫోనులో కూడా రావట్లేదు, మూడు ఇళ్లలో చూశాం, ఫలానా రోజు ఫలానా టైము నుంచి" అని చెప్పండి. ఒకే వీధి నుంచి పదిమంది పది ఫిర్యాదు నంబర్లు తీసుకుంటే ఇంకా మంచిది.

2024 ఆగస్టులో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనల్లో ఒకటి రైతులు గుర్తుంచుకోవాలి. ఒక జిల్లాలో పెద్ద ఎత్తున నెట్‌వర్క్ పడిపోయి 24 గంటలు దాటితే, ప్రకృతి వైపరీత్యం లాంటి కారణం కాకపోతే, ముందుగా రీచార్జి చేయించుకున్నవాళ్లకు ఆ మేరకు రోజులు పొడిగించాలి. ఏ ఊళ్లో ఏ సిగ్నల్ ఉందో చూపే పటాలను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని కూడా ఆ నిబంధనలే చెప్పాయి. పటంలో మీ ఊరు రంగు వేసి ఉండి, ఫోనులో గీత రాకపోతే ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాయించండి.

విసిగిపోతే నంబరు మారకుండా కంపెనీ మారవచ్చు. ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, కొంచెం ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు కొట్టి 1900కు పంపితే కోడు వస్తుంది. మామూలుగా మూడు పని దినాల్లో మారుతుంది. ముందుగా ఏ కంపెనీ మీ పొలం దగ్గర, మీ సొసైటీ దగ్గర బాగుందో పక్కవాళ్ల ఫోనులో చూసి మారండి, ప్రకటనలు చూసి కాదు. ఆఖరి తేదీ ఉన్న వారంలో మాత్రం మారకండి. మారే కొద్ది గంటలు సిమ్ పనిచేయదు, ఓటీపీ రాదు. ఆధార్‌కు ఇచ్చిన నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటే కంపెనీ దాన్ని తీసేసే అవకాశముంది, అదీ చూసుకోండి.

ఆఫీసులు ఏం చేయాలి

ఇంతవరకూ మనం చేసుకోవాల్సింది చెప్పాను. ఇప్పుడు అవతలి వైపు. ఊళ్లలో ఉద్యోగులను ఊరికే తప్పుపట్టడం నాకిష్టం లేదు. సొంత ఫోను, సొంత రీచార్జితో ఆఫీసు పని చేస్తున్నవాళ్లు వాళ్లలో చాలామంది. కోటా అయిపోతే వాళ్ల ఇంట్లో పిల్లల చదువుకూ నెట్ ఉండదు. ఆ ఖర్చు వాళ్ల జేబులోంచి తీయించడం అన్యాయం. సొసైటీకి గానీ, రైతు సేవా కేంద్రానికి గానీ రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, వాటి రీచార్జి డబ్బు ఆఫీసు ఖర్చు కిందనే ఇవ్వాలి. దేశంలోని 63 వేల ప్రాథమిక సహకార సంఘాలను కంప్యూటరీకరించడానికి 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయలతో పథకం ఆమోదించారు. కంప్యూటరు పెట్టి నెట్ సంగతి గుమాస్తాకు వదిలేస్తే కాలువ తవ్వి తూము పెట్టడం మరిచినట్టే.

రెండోది, నెట్ లేదని రైతును వెనక్కి పంపే ప్రతి చోటా ఒక రిజిస్టరు ఉండాలి. పేరు, పని, తేదీ, టైము, ఏ మజిలీలో ఆగిందో రాయాలి. రైతుకు ఒక చీటీ ఇవ్వాలి. గడువు అయిపోయాక ఆ చీటీ చూపిస్తే అతని దరఖాస్తు తీసుకోవాలి. గడువు లోపల వచ్చిన మనిషిని యంత్రం ఆపితే ఆలస్యం మనిషిది ఎలా అవుతుంది? ఇప్పుడేమో గడువు పొడిగిస్తే అందరికీ పొడిగిస్తున్నారు, లేకపోతే ఎవరికీ లేదు. వచ్చి తిరిగిపోయినవాడికీ, అసలు రానివాడికీ తేడా లేదు.

ఇలాంటి చీటీ ఇవ్వాలన్న ఉత్తర్వు ఉందా అని ఒక మండల ఆఫీసులో అడిగితే, ఉత్తర్వు లేకుండా ఎలా ఇస్తామన్నారు. అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. తెల్లకాగితం మీద మీరే రాయండి: ఫలానా తేదీన, ఫలానా గంటకు, ఈ పని మీద వచ్చాను, నెట్ లేదన్నారు. రెండు ప్రతులు రాసి ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయనంటే అదే కాగితాన్ని ఆ రోజే రిజిస్టర్డ్ పోస్టులో... కాదు, 2025లో ఆ సేవను స్పీడ్ పోస్టులో కలిపేశారు గాబట్టి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు పాస్‌బుక్ సంచిలో పెట్టుకోండి.